సిటీ ఉద్యోగం వదిలి పర్లాకిమిడి వైపు వచ్చేద్దామనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి ఊరొచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురైనా వెళ్ళేలోపు మా ఆఫీసు మెట్లెక్కుతారు. "అక్కా, నువ్వెలా వచ్చేశావు? మేమూ వచ్చేద్దామనుకుంటున్నాం" అంటారు. నాది టెక్కలి. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళు అకౌంట్స్ ఉద్యోగం చేసి, 2019 జూన్‌లో ఒడిశా సరిహద్దులో ఉన్న అత్తవారి ఊరు పర్లాకిమిడి వచ్చాను. ఇప్పుడు బజార్లో జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ పనులు చేసే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా నేను రోజూ చూసే చోటు. గుణుపురం, రాయగడ, బరంపురం సంగతులు పని మీద తిరుగుతూ తెలుసుకున్నవి. మీకు కావాల్సిన ప్రశ్న వెతుక్కుని అది చదువుకుంటే చాలు.

## అనుకుంటున్నప్పుడు

అక్కడ తెలుగుతో పని జరుగుతుందా?

మాటకు తెలుగు చాలు, కాగితానికి ఒడియా కావాలి. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం బజార్లలో, బరంపురం పాత వీధుల్లో తెలుగు రోజూ వినిపిస్తుంది. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడింది, సవర భాష నేర్చుకుని పుస్తకాలు రాసింది పర్లాకిమిడిలో ఉంటూనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. పర్లాకిమిడి ఇటు ఒడిశాలో, పాతపట్నం అటు ఇప్పటి ఆంధ్రాలో పడ్డాయి. చుట్టరికాలు మాత్రం అటూ ఇటూ అలాగే ఉన్నాయి. అయితే తహసీల్ ఆఫీసు కాగితం, భూమి పట్టా, మునిసిపాలిటీ నోటీసు, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవన్నీ ఒడియాలోనే. ప్రతిసారీ ఎవరో ఒకరిచేత చదివించుకుంటూ బతకడం కష్టం.

ఉద్యోగాలు దొరుకుతాయా, సొంతంగా ఏదో ఒకటి పెట్టుకోవాల్సిందేనా?

దొరుకుతాయి, కానీ మీరు సిటీలో చేసిన పనే ఇక్కడ దొరకడం అరుదు. రాయగడ పక్కన జేకేపూర్‌లో కాగితం మిల్లు, తెరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ ఉన్నాయి. కోరాపుట్ జిల్లాలో దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీ, సునాబెడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ ఉన్నాయి. వాటికి సరుకు, మనుషులు, బండ్లు సమకూర్చే కాంట్రాక్టర్లకు లెక్కలు, స్టోర్స్, సేఫ్టీ, కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఎప్పుడూ కావాలి. పర్లాకిమిడి, గుణుపురంలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి కాబట్టి బోధన, ల్యాబ్, ఆఫీసు పనులు ఉంటాయి. ఈ ఖాళీలు చాలావరకు జాబ్ సైట్లలో కనిపించవు. "మీ దగ్గర ఎవరైనా నమ్మకస్తులున్నారా?" అని ఒకరినొకరు అడుగుతారు, అక్కడితో ఖాళీ నిండిపోతుంది. అందుకే రాజీనామా ఇవ్వకముందే రెండు మూడు సార్లు వచ్చి, పది మందిని కలిసి, మీకేం పని వచ్చో చెప్పి వెళ్ళండి.

జీతం ఎంత తగ్గుతుందో నిజం చెప్పండి.

నా లెక్కే చెప్తాను. హైదరాబాద్‌లో చేతికి 58,000 వచ్చేది. ఇక్కడ మొదటి ఏడాది ఖర్చులు పోను నెలకు సగటున 14,000 మిగిలింది. అదీ ఒక నెల 30,000, ఇంకో నెల 2,000 అన్నట్టు. నాలుగో ఏడాదికి సగటు 40,000 దాటింది.

తగ్గే ఖర్చులు మీకు తెలిసినవే. అద్దె, ఆఫీసుకు వెళ్ళొచ్చే ఖర్చు, బయట తిండి తగ్గుతాయి. తగ్గనివి ముందే రాసుకోండి. ఫోన్, పెట్రోలు, ఇన్సూరెన్స్, పిల్లల ఫీజు ఎక్కడైనా అంతే. పెరిగే ఖర్చులూ ఉన్నాయి, వీటిని ఎవరూ లెక్కలో వేసుకోరు. మొదటిది చదివింపులు. సిటీలో ఉన్నప్పుడు ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్తే సరిపోయిన పెళ్ళికి, ఊళ్ళో ఉంటే కవరు పట్టుకుని వెళ్ళాలి. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే మా ఇంట్లో ఆ పద్దు ఒక్కటే నెలకు 5,000 దాటుతుంది. రెండోది పెద్దవాళ్ళను విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళే ఖర్చు. కారు, మందులు, పరీక్షలు కలిపితే ఒక్కో ప్రయాణం ఒక నెల సంపాదనను తినేస్తుంది.

చేతిలో ఎంత ఉంచుకుని రావాలి?

ఉద్యోగం ఖాయమై వస్తుంటే ఆరు నెలల ఇంటి ఖర్చు. సొంత పని పెట్టుకోవాలంటే 18 నెలలది, పెట్టుబడి కాకుండా. ఇల్లు బాగుచేయించడానికి ఈ డబ్బు తీయకండి. నా కళ్ళముందే ఇద్దరు ముగ్గురు పైకప్పు, టైల్స్ వేయించి దుకాణానికి సరుకు కొనలేకపోయారు.

సిటీ ఉద్యోగమే ఇంటి నుంచి చేసుకుంటూ ఊళ్ళో ఉండొచ్చా?

మీ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే అన్నిటికంటే మంచి దారి అదే. మేనేజర్ నోటిమాట మీద సామాను సర్దకండి. మేనేజర్ మారితే మాట కూడా మారుతుంది.

పట్టణాల్లో ఫైబర్ నెట్ వస్తుంది, పల్లెల్లో వీధికో తీరు. రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు, రౌటర్‌కు విడిగా బ్యాటరీ, నాలుగైదు గంటలు నిలిచే ఇన్వర్టర్ పెట్టుకోండి. ఎండాకాలం సాయంత్రం గాలివాన వచ్చిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. నేనప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నాను. మా మామగారితో మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. ఫోన్ చార్జింగ్‌కే దిక్కు లేదు. అలాంటి వారం వస్తే ఏ ఊరికి వెళ్ళి పని చేస్తారో ముందే అనుకుని ఉండండి.

## రాజీనామా ఇచ్చేటప్పుడు

పీఎఫ్ తీసేసుకోనా, ఉంచనా?

ఉంచండి. అయిదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. అంతకంటే పెద్ద సంగతి పెన్షన్. పీఎఫ్‌తో పాటే ఉండే పెన్షన్ పథకంలో 10 ఏళ్ళ సర్వీసు ఉంటే 58 ఏళ్ళకు నెల నెలా పెన్షన్ వస్తుంది. నాకు 9 ఏళ్ళ 2 నెలలు ఉండగా మానేశాను. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే ఆ హక్కు నాదయ్యేది. లెక్కలు రాసే మనిషినై ఉండి నా లెక్క నేను చూసుకోలేదని ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పదేళ్ళు నిండకపోయినా పెన్షన్ సొమ్ము తీసేయకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. తర్వాత ఎప్పుడైనా పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో చేరితే పాత సర్వీసు కలుస్తుంది. గ్రాట్యుటీకి అయిదేళ్ళ సర్వీసు చూస్తారు కాబట్టి, నాలుగున్నరేళ్ళ దగ్గర ఉన్నవాళ్ళు తొందరపడకండి.

కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ సంగతేంటి?

ఉద్యోగం మానగానే అది పోతుంది, అందులో ఉన్న అమ్మానాన్నల కవరేజీ కూడా. మానకముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారతానని అర్జీ పెట్టండి. అలా మారితే పాత పాలసీలో గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. లేకపోతే బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు.

తెలంగాణ నంబరు కారు ఒడిశాలో నడుపుకోవచ్చా?

12 నెలలు మించి ఇక్కడే ఉంచితే ఒడిశా (ఓడీ) నంబరుకు మార్చాలి. ముందు పాత ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి. కారు మీద లోను ఉంటే బ్యాంకు ఒప్పుదల కూడా అడుగుతారు. ఇక్కడ రోడ్డు టాక్సు కట్టాక, పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి కట్టిన టాక్సు వెనక్కి అడగొచ్చు. సిటీలో ఉన్నప్పుడే ఎన్‌ఓసీ పని ముగించుకోండి, దానికోసం మళ్ళీ రెండుసార్లు తిరగడం దండగ. డ్రైవింగ్ లైసెన్సు దేశమంతా చెల్లుతుంది, చిరునామా మార్చుకుంటే చాలు.

## వచ్చిన కొత్తలో

ఒడియా ఎన్నాళ్ళకు వస్తుంది?

చదవడం మీరు భయపడినంత కష్టం కాదు. క, ఖ, గ, ఘ వరస మనదే. మనం తలకట్టు పెట్టే చోట వాళ్ళ అక్షరం మీద గొడుగులా గుండ్రటి గీత ఉంటుంది. ఆ గొడుగు కింద ఉన్న భాగాన్ని చూడటం అలవాటైతే సగం పని అయినట్టే. నేను బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు, పొద్దున్న ఒడియా పేపర్ పెద్దక్షరాలు చదువుతూ ఆరు వారాల్లో కూడబలుక్కోగలిగాను.

మాటలో జాగ్రత్త పడాల్సింది మర్యాద దగ్గర. "తు" అంటే నువ్వు, చనువున్నవాళ్ళకు. "తుమె" సాటివాళ్ళకు. "ఆపణ" అంటే మీరు. వచ్చిన రెండో వారం ఒక పెద్దాయన, బట్టల వ్యాపారి, ఫైలు తీసుకుని వచ్చారు. నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో గబగబా "తుమె" అనేశాను. ఆయన ఏమీ అనలేదు. ఫైలు తెరవబోతున్న చేతిని మాత్రం వెనక్కి తీసుకున్నారు. మా ఆఫీసు కుర్రాడు నా చెవి దగ్గరకొచ్చి "ఆపణ అనండి మేడమ్" అన్నాడు. వెంటనే అన్నాను. చెయ్యి మళ్ళీ ముందుకొచ్చింది. కొత్తలో ప్రతి ఒక్కరినీ "ఆపణ" అనండి, పెద్దవాళ్ళు చెప్పినదానికి "ఆజ్ఞా" అనండి. మిగతా తప్పులు ఎవరూ పట్టించుకోరు.

రేషన్, ఓటరు కార్డులు అటూ ఇటూ ఉంచుకోవచ్చా?

వద్దు. రెండు చోట్ల ఓటరుగా ఉండటం నేరం. ఫారం 8 నింపి ఓటు ఇటు మార్చుకోండి. సరిహద్దు ఊళ్ళలో రెండు రాష్ట్రాల కార్డులున్న ఇళ్ళు ఉన్నాయని, కొఠియా పల్లెల కథ ఉందని అందరూ చెప్తారు. అది రెండు రాష్ట్రాల మధ్య తేలని సరిహద్దు తగాదా, మీకు వర్తించదు. ఆధార్‌లో చిరునామా ముందు మారిస్తే మిగతావి సులువవుతాయి.

ఊళ్ళోవాళ్ళు "అక్కడ ఉద్యోగం పోయిందా?" అని అడుగుతుంటే ఏం చెప్పాలి?

ఉన్నదే చెప్పండి, ఒక్క వాక్యంలో. "ఇక్కడ పని చేసుకుందామని వచ్చాను" అని అందరికీ అదే మాట చెప్పండి. మనిషికో కారణం చెప్తే అవన్నీ సాయంత్రానికి ఒకే అరుగు మీద కలుస్తాయి. ఈ ప్రశ్న ఆరు నెలలు వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. ఆ ఆరు నెలలు కొందరికి నిజంగా కష్టంగా గడుస్తాయి. మా ఆయన మొదట్లో ఆ టెన్షన్‌తోనే బజారుకు వెళ్ళడం మానేశారు. ఇంట్లోవాళ్ళు మీ పక్షాన నిలబడాలి. "మా కోడలు ఆఫీసు పెట్టింది, మీ లెక్కలు తెచ్చివ్వండి" అని మా అత్తగారు గుళ్ళో నలుగురికీ చెప్పడం వల్లే నాకు మొదటి ముగ్గురు క్లయింట్లు వచ్చారు.

## పని మొదలుపెట్టాక

బోర్డు ఏ భాషలో రాయించాలి?

పైన ఒడియా, కింద తెలుగు, ఇంగ్లీషు. నేను ముందు తెలుగు, ఇంగ్లీషుతో పెట్టాను. మూడు నెలలు ఆ బట్టల వ్యాపారి పెద్దాయన తప్ప ఒడియా వ్యాపారులెవరూ లోపలికి రాలేదు. ఒడియా రాయించిన వారంలో ఇద్దరు వచ్చారు. రాయించేముందు చదువుకున్న ఒడియావాళ్ళకు చూపించి తప్పులు సరిచేయించుకోండి.

అరువు ఇవ్వకపోతే గిరాకీ రాదంటున్నారు, నిజమేనా?

నిజమే. చిన్న ఊళ్ళో అరువు అంటే పరిచయానికి గుర్తు. పూర్తిగా కాదంటే మనిషిని కాదన్నట్టు తీసుకుంటారు. అలాగని చేతికి ఎముక లేకుండా ఇస్తే నాలుగు నెలల్లో మూసుకోవాలి. మొదటి ఏడాది ఒక క్లయింట్ నా చేత ఎనిమిది నెలలు పని చేయించుకుని ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆయన్ను గట్టిగా అడిగితే ఊరంతా చెడుగా అనుకుంటుందని భయపడ్డాను. నా భయం తప్పు. ఊరికి ఆయన సంగతి నాకంటే ముందే తెలుసు, నాకు చెప్పేవాళ్ళు లేరంతే. ఇప్పుడు ఎవరికైనా మూడు నెలల పని వరకే అరువు. అది మొదటి రోజే నవ్వుతూ చెప్తాను, పుస్తకంలో వాళ్ళ ముందే రాస్తాను.

వసూలుకు వెళ్ళే రోజు కూడా చూసుకోవాలి. గురువారం ఒడియా ఇళ్ళలో లక్ష్మీపూజ రోజు, మార్గశిరంలో అయితే మరీను. ఆ రోజు డబ్బు చెయ్యి దాటించడానికి ఇష్టపడరు. శుక్రవారం మన తెలుగువాళ్ళది అదే పట్టింపు. ఏ రోజైనా బోణీ కాకముందు ఎవరి కొట్టుకూ వెళ్ళకండి. నేను సోమవారం, బుధవారం పదకొండు దాటాక వెళ్తాను. బాకీల్లో చాలావరకు ఆ రెండు రోజుల్లోనే వస్తాయి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎప్పుడు తీసుకోవాలి? కస్టమర్లు సగం ఆంధ్రావాళ్ళే.

ఇది సరిహద్దులో అందరూ తడబడే చోటు, కాస్త నిదానంగా చదవండి. ఒడిశాలో సరుకు అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. కానీ సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే ఈ పరిమితి పనిచేయదు, మొదటి బిల్లుకే రిజిస్ట్రేషన్ ఉండాలి. పర్లాకిమిడి కొట్టు నుంచి పాతపట్నం కొట్టుకు బిల్లు రాసి సరుకు పంపితే, దూరం నాలుగడుగులే అయినా అది అంతర్రాష్ట్ర అమ్మకం, ఐజీఎస్టీ పడుతుంది. డిజైన్, ట్యూషన్, అకౌంట్స్ లాంటి సేవలైతే వేరే రాష్ట్రం క్లయింట్లున్నా 20 లక్షల వరకు వెసులుబాటు ఉంది.

ఇంకో పెద్ద పొరపాటు జీఎస్టీలో చిన్న వ్యాపారులకు ఉన్న కాంపొజిషన్ స్కీమ్. పన్ను తక్కువ, పని తక్కువ అని చాలామంది అందులో చేరతారు. కాంపొజిషన్‌లో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రం నుంచి సరుకు కొనొచ్చు, వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. కౌంటర్ దగ్గర నిలబడి సబ్బులు కొనుక్కెళ్ళే మామూలు మనిషి ఏ ఊరివాడైనా ఇబ్బంది లేదు. ఆంధ్రా చిరునామాతో బిల్లు రాసి సరుకు పంపినప్పుడే చిక్కు. టెక్కలి, పాతపట్నం కొట్లకు హోల్‌సేల్‌గా ఇద్దామనుకుంటే కాంపొజిషన్‌లో చేరకండి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) మర్చిపోకండి. పాత హైదరాబాద్ రిజిస్ట్రేషన్ ఇక్కడ చెల్లదు, రాష్ట్రానికొకటి తీసుకోవాల్సిందే. ఒడిశా నంబరు 21తో మొదలవుతుంది.

లోన్లు దొరుకుతాయా?

చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్ల కింద 10 లక్షల వరకు ఉంది. ముద్రాలో తరుణ్ అనే పెద్ద రకం లోను తీసుకుని సక్రమంగా తీర్చినవాళ్ళకు 20 లక్షల దాకా ఇస్తారు. కొత్తగా పెట్టే యూనిట్‌కు పీఎంఈజీపీ అనే కేంద్ర పథకంలో 15 నుంచి 35 శాతం సబ్సిడీ ఉంది, ఊరిని బట్టి, వర్గాన్ని బట్టి మారుతుంది. చిన్న వ్యాపారంగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

## ఇల్లు, పిల్లలు, వైద్యం

భూమి చవకగా ఉందంటున్నారు, కొనేయనా?

మొదటి ఏడాది కొనకండి. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగ్‌పూర్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. గజపతిలో ఆర్.ఉదయగిరి వైపు, గుమ్మ, రాయగడ బ్లాకులు కూడా అందులోవే. ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు. 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడం చెల్లదు. బేనామీ పేరుతో రాయించుకుందామని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపేయండి. ఆ భూమి మీద తరాలుగా బతుకుతున్న కుటుంబం నోరు కొట్టడం అది, పైగా మీ డబ్బూ పోతుంది. ఈ గొడవ లేని చోట కూడా ఒడిశా భూ రికార్డుల సైటు భూలేఖ్‌లో పట్టా తీసి, "కిసం" (భూమి రకం) అన్నచోట ఏముందో చూడండి. "ఘరబారి" అని ఉంటేనే ఇంటి స్థలం. సాగు భూమి అయితే తహసీల్దారు దగ్గర మార్పించుకోవాలి.

పిల్లల్ని ఏ బడిలో వేయాలి? తెలుగు పోతుందేమో.

తెలుగు మీడియం బడులున్నాయి కానీ టీచర్ల కొరత ఎక్కువ. ఇంగ్లీషు మీడియంలో వేసినా ఒడియా ఒక సబ్జెక్టుగా తప్పకుండా చదివించండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పాసై ఉండాలి. ఆ సంగతి ఇరవై ఏళ్ళకు తెలిస్తే పిల్లలే నష్టపోతారు. తెలుగు ఇంట్లో నేర్పాలి. రాత్రి అన్నాలయ్యాక మా అమ్మాయి వాళ్ళ నానమ్మకు అరగంట తెలుగు పత్రిక చదివి వినిపిస్తుంది. ఆవిడకు చూపు తగ్గింది కాబట్టి అది పాఠంలా కాకుండా ఇంటి పనిలా సాగిపోతోంది.

కుల ధ్రువపత్రం ఆంధ్రాది ఇక్కడ పనికొస్తుందని అనుకోకండి. కులం పేరు ఒకటే అయినా రెండు రాష్ట్రాల జాబితాలు వేరు.

పెద్ద జబ్బు వస్తే?

బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కోరాపుట్‌లో మెడికల్ కాలేజీ ఉన్నాయి. మా వైపు చాలామంది శ్రీకాకుళం, విశాఖకే వెళ్తారు. గుండె, పక్షవాతం లాంటివాటికి గంటలు ముఖ్యం కాబట్టి, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే కారు డ్రైవర్లు ఇద్దరి నంబర్లు వంటింటి గోడ మీద రాసి పెట్టుకోండి. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. 70 ఏళ్ళు దాటినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా కార్డు ఇస్తారు, పెద్దవాళ్ళకు వెంటనే చేయించండి.

మా ఆవిడ కూడా ఉద్యోగం చేస్తోంది. ఆమె మానేయాలా?

ఇది నన్ను మగవాళ్ళు అడుగుతారు, వాళ్ళ భార్యలను అడగకుండానే. ముందు ఆమెను అడగండి. ఊరికి రావడమంటే మీకు అమ్మ దగ్గరికి రావడం, ఆమెకు అత్తగారింట్లో పగలంతా ఉండటం. రెండూ ఒకటి కాదు. నేను రాగలిగింది ఆఫీసు గది ఇంట్లో కాకుండా బజార్లో ఉండాలని ముందే చెప్పి, ఒప్పించుకుని వచ్చినందువల్ల. పొద్దున్న పదింటికి తాళం తీసుకుని బయటికి వస్తే సాయంత్రం వరకు ఆ గది నాది. ఆమె ఏం పని చేస్తుంది, ఎక్కడ కూర్చుని చేస్తుంది, వంట ఎవరు చూస్తారు ఈ మూడూ తేలకుండా సామాను లారీ ఎక్కించకండి.

## ఏడాది దాటాక

స్నేహితులు లేక ఒంటరిగా అనిపిస్తోంది. మామూలేనా?

మామూలే. చిన్నప్పటి స్నేహితులు సగం మంది ఊళ్ళో లేరు, ఉన్నవాళ్ళకు వాళ్ళ సంసారాలున్నాయి. రథయాత్రకు, ఒడియావాళ్ళ రజ పండక్కి పిలిస్తే వెళ్ళండి. మహేంద్రతనయ నది వైపు పొద్దున్నే నడిచేవాళ్ళతో నాలుగు రోజులు నడిస్తే అయిదో రోజు వాళ్ళే పలకరిస్తారు.

మీకెప్పుడైనా తిరిగి వెళ్ళిపోదామనిపించిందా?

అనిపించింది. 2020 ఫిబ్రవరిలో, బాకీలు రాక, ఆ నెల ఆఫీసు అద్దె 2,500 మా ఆయన ఇచ్చిన డబ్బుతో కట్టాను. ఆ రాత్రి రెజ్యూమె తయారుచేసుకున్నాను. ఇద్దరు పాత సహోద్యోగులకు పంపాను కూడా. మర్నాడు ఆ బట్టల వ్యాపారి పెద్దాయన మళ్ళీ వచ్చారు. ఈసారి ఫైలు కాదు, అట్టపెట్టె నిండా మూడేళ్ళ బిల్లులు, అడుగున నోటీసు. అది తేల్చడానికి నెల రోజులు పట్టింది, ఆ ఫీజుతో రెండు నెలలు గడిచాయి. తర్వాత ఆయన బావమరిది వచ్చాడు, ఆయన వెనక ఇంకొకరు.

తిరిగి వెళ్ళడం తప్పేమీ కాదు, వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. దారి మాత్రం తెరిచి ఉంచుకోండి. పాత ఆఫీసువాళ్ళతో ఫోన్లు మానకండి, మీ రంగంలో కొత్తగా వచ్చింది ఏటా ఒకటైనా నేర్చుకోండి. ఆ రెజ్యూమె ఇంకా నా ల్యాప్‌టాప్‌లో ఉంది. ప్రతి ఏప్రిల్‌లో, మార్చి లెక్కల హడావుడి అయ్యాక, తెరిచి ఒక లైను చేరుస్తాను.